బాబుకు ఓపెన్ ఆపరేషనా, కీహోలా?

పేరు వద్దని కోరిన ఒక తల్లి ఆసుపత్రి గదిలోంచి రాసిన ఉత్తరం ఇది. తొలి కాన్పు, బాబు. ఇప్పుడు ఐదు వారాలు. మూడో వారం నుంచి పాలు తాగిన కాసేపటికే వాంతులు. మొదట్లో నోటి పక్కనుంచి కారేవి, తర్వాత ఎదురుగా ఉన్నవాళ్ల మీద పడేంత వేగంగా ఎగజిమ్మడం మొదలైంది. కక్కిన మరుక్షణమే మళ్లీ ఆకలితో ఏడుపు. మొదట చూసిన డాక్టర్ ఇది చంటిపిల్లలు మామూలుగా కక్కేదే అన్నారు. అత్తగారు తల్లిపాలు పడటం లేదేమో అంటే డబ్బా పాలకు మార్చారు. వాంతులు తగ్గలేదు సరికదా బిడ్డ బరువు తగ్గింది, డైపర్లు తడవడం తగ్గింది. చివరికి స్కానింగ్‌లో పైలోరిక్ స్టెనోసిస్ అని తేలింది. కడుపులోంచి చిన్నపేగులోకి వెళ్లే దారి దగ్గర కండరం మందం 4.5 మిల్లీమీటర్లు, ఆ ఇరుకు దారి పొడవు 19 మిల్లీమీటర్లు. రక్తంలో లవణాలు తేడాగా ఉన్నాయని సెలైన్ ఎక్కిస్తున్నారు, ఆపరేషన్ ఇంకా ఎందుకు చేయడం లేదో ఆమెకు అర్థం కావడం లేదు.

అక్కడి పిల్లల సర్జన్ బొడ్డు అంచున గాటు పెట్టి ఓపెన్ పద్ధతిలో చేస్తానన్నారు. ఆయన చాలా ఏళ్లుగా అలాగే చేస్తున్నారు. ఉత్తరం రాసినావిడ భర్త మాత్రం మూడు గంటల దూరంలో ఉన్న మరో ఆసుపత్రిలో కీహోల్ పద్ధతిలో, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, పనిముట్లు పంపి చేస్తారని తెలుసుకుని, బాబును అక్కడికి తీసుకెళ్దామంటున్నారు. "ఈ రోజుల్లో కూడా కోసి చేయడమేంటి" అన్నది ఆయన మాట. అత్తమామలు అసలు ఆపరేషనే వద్దు, మందులతో తగ్గుతుందేమో చూద్దామంటున్నారు. ఆమె ఇలా ముగించారు: "నేను ఎటు సరేనన్నా రేపు ఏదైనా అయితే నన్నే అంటారు. ఏది మంచిదో ఒక్క మాటలో చెప్పండి. ఇంత చిన్న బిడ్డకు మత్తు ఇస్తే మెదడుకు ఏమైనా అవుతుందా? అసలు ఇదంతా నా పాల వల్లే వచ్చిందా?"

సమాధానం:

అమ్మా, మీ ఆఖరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మీ పాల వల్ల రాలేదు. మీరు తిన్నదాని వల్ల, బిడ్డను పట్టుకున్న తీరు వల్ల, మీరు చేసిన ఏ పని వల్లా రాలేదు. ఈ కండరం పుట్టాక కొన్ని వారాల్లో ఎందుకు మందమవుతుందో వైద్యశాస్త్రం ఇంకా పూర్తిగా తేల్చలేదు. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో నాలుగైదు రెట్లు ఎక్కువగా వస్తుంది, తొలిచూలు బిడ్డల్లో కాస్త ఎక్కువ, కొన్ని కుటుంబాల్లో ఒకరికి మించి కనిపిస్తుంది. పుట్టిన తొలి రెండు వారాల్లో ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మందు పడితే అవకాశం పెరుగుతుంది. పాల సంగతికొస్తే, తల్లిపాలు తాగేవాళ్లలో కంటే డబ్బా పాలు తాగేవాళ్లలోనే ఇది ఎక్కువని అధ్యయనాల్లో కనిపించింది. దాన్ని పట్టుకుని అత్తగారిని అనకండి. ఆవిడ పాలు మార్పించేసరికే వాంతులు మొదలయ్యాయి, జబ్బు అప్పటికే ఉంది. మొదటి డాక్టర్ గారి విషయంలో కూడా కోపం పెట్టుకోనక్కర్లేదు. తొలి రోజుల్లో ఈ వాంతికీ మామూలు కక్కుకీ తేడా చెప్పడం కష్టం. పసరు లేని వాంతి, బాణంలా దూరంగా పడటం, వెంటనే ఆకలి, బరువు తగ్గడం, ఇవన్నీ కలిసి కనిపించేసరికి కొన్ని రోజులు గడుస్తాయి.

మీ బాబు విషయంలో జబ్బు ఇదేనా అన్న అనుమానం పెట్టుకోవద్దు. మామూలుగా కండరం మందం 3 మిల్లీమీటర్లు, దారి పొడవు 15 మిల్లీమీటర్లు దాటితే పైలోరిక్ స్టెనోసిస్ అంటారు. మీరు రాసిన కొలతలు ఆ గీతను బాగా దాటాయి.

ఆపరేషన్ ఇంకా ఎందుకు చేయడం లేదని మీ ఉత్తరంలో రెండుచోట్ల టెన్షన్ పడ్డారు. నిజానికి ఆ ఆలస్యమే మీ బాబుకు జరుగుతున్న మంచి వైద్యం. వాంతితో పాటు కడుపులోని ఆమ్లం రోజుల తరబడి బయటికి పోయింది. దాంతో రక్తంలో క్లోరైడ్, పొటాషియం పడిపోతాయి, రక్తం క్షార గుణం వైపు మొగ్గుతుంది. ఆ స్థితిలో ఊపిరి తీసుకోమని మెదడు ఇచ్చే ఆదేశం మందగిస్తుంది. అలాంటి బిడ్డకు మత్తు ఇస్తే ఆపరేషన్ తర్వాత శ్వాస ఆగి ఆగి ఆడే ప్రమాదం ఉంటుంది. అందుకే క్లోరైడ్ 100 దగ్గరికి రావాలి, రక్తంలో క్షారాన్ని చూపే బైకార్బొనేట్ 30 కంటే కిందికి దిగాలి, మూత్రం బాగా రావాలి అని చూస్తారు. చాలామంది పిల్లలకు ఒకటి రెండు రోజులు పడుతుంది. ఈ జబ్బులో అర్జెంటుగా జరగాల్సింది సెలైనే, ఆపరేషన్ కాదు. లవణాలు సరిపోకముందే "రండి, ఇవాళే చేసేస్తాం" అనే చోటు ఏదైనా ఉంటే, వాళ్లు ఏ పద్ధతిలో చేస్తామన్నా నేను జంకుతాను. మీకు ఇంకో మేలు కూడా ఉంది. ఆ ఒకటి రెండు రోజులు మీ ఇద్దరూ కూర్చుని నిదానంగా ఆలోచించుకోవచ్చు.

ఇప్పుడు అసలు తగువు. ఓపెన్ అయినా కీహోల్ అయినా లోపల జరిగే పని ఒక్కటే. మందమైన కండరాన్ని పొడవునా కోసి, రెండు వైపులకూ విడదీసి, లోపలి సన్నని పొర చెక్కుచెదరకుండా వదిలేస్తారు. కోసిన కండరాన్ని మళ్లీ కుట్టరు. 1911లో కోన్రాడ్ రామ్‌స్టెట్ అనే జర్మన్ సర్జన్ ఇలా కుట్టకుండా వదిలేయడం మొదలుపెట్టి, మరుసటి ఏడాది ప్రచురించారు. నూరేళ్లు దాటినా ఆ పని మారలేదు. మారింది అక్కడికి చేరుకునే దారి. పాతరోజుల్లో కుడి పక్క, పక్కటెముకల కింద అడ్డంగా కోసేవారు. ఆ మచ్చ బిడ్డతో పాటు పెరిగి స్పష్టంగా కనిపించేది. మీవారి మనసులో ఉన్నది బహుశా ఆ కోతే. 1986లో టాన్, బియాంకి అనే సర్జన్లు బొడ్డు అంచు వెంట అర్ధచంద్రాకారంలో గాటు పెట్టే పద్ధతిని ప్రచురించారు. మీ సర్జన్ చెబుతున్నది దీన్నే. ఆ గాటు మానాక బొడ్డు ముడతలో కలిసిపోతుంది. 1990ల మొదట్లో ఫ్రాన్స్ సర్జన్లు కీహోల్ పద్ధతిని తెచ్చారు. బొడ్డులోంచి సన్నని కెమెరా, పొట్టకు అటూ ఇటూ మూడేసి మిల్లీమీటర్ల రంధ్రాల్లోంచి పనిముట్లు. పొట్టలోకి తక్కువ ఒత్తిడితో కార్బన్ డయాక్సైడ్ నింపి, లోపల చోటు చేసుకుని కోస్తారు.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన మంచి అధ్యయనాలు ఉన్నాయి. నాకు అన్నిటికంటే నమ్మకమైనది 2009లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఆరు ఆసుపత్రుల్లో 180 మంది పసిపిల్లలను ఎంపిక లేకుండా రెండు గుంపులు చేశారు. ఎవరికి ఏ పద్ధతిలో చేశారో తల్లిదండ్రులకు, వార్డు నర్సులకు తెలియకుండా పొట్టకు ఒకే రకం కట్లు కట్టారు. పూర్తిగా పాలు తాగే స్థితికి రావడానికి ఓపెన్ గుంపుకు సుమారు 24 గంటలు పట్టింది, కీహోల్ గుంపుకు పద్దెనిమిదిన్నర గంటలు. ఆపరేషన్ తర్వాత ఆసుపత్రిలో ఉన్న సమయం ఓపెన్‌లో సుమారు 44 గంటలు, కీహోల్‌లో 34. వాంతులు, ఇబ్బందులు రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకే తీరు. అంతకుముందు 2006లో అమెరికాలో 200 మంది పిల్లలపై జరిగిన అధ్యయనంలో ఆపరేషన్‌కు పట్టిన టైమ్ రెండింటిలోనూ ఒకటే, ఇరవై నిమిషాలకు అటూ ఇటూ. నొప్పి మందుల అవసరం మాత్రం కీహోల్ పిల్లలకు తక్కువ పడింది.

మీవారు చెప్పేదాంట్లో నిజం ఉంది, కొట్టిపారేయకండి. కీహోల్ వల్ల పాలు కొన్ని గంటల ముందు పడతాయి, నొప్పి కొంచెం తక్కువ, ఇంటికి కొంత ముందు వెళ్తారు. మరోపక్క, చేయి తిరగని చోట కీహోల్‌లో కండరం పూర్తిగా తెగకుండా కొంచెం మిగిలిపోయే అవకాశం ఓపెన్‌లో కంటే ఎక్కువ. అలా మిగిలితే వాంతులు ఆగవు, మళ్లీ మత్తు, మళ్లీ ఆపరేషన్. లోపలి పొర చిరిగి చిల్లు పడే ప్రమాదం రెండింటిలోనూ ఉంది. అది కూడా అరుదు. అక్కడికక్కడే గమనించి కుట్టేస్తే బిడ్డ కొన్ని రోజులు ఆలస్యంగా కోలుకుంటాడు, అంతే. గమనించకపోతే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. బొడ్డు గాటుకు చీము పట్టే బాధ కీహోల్‌లో కంటే కాస్త ఎక్కువగా ఉండొచ్చు, చాలావరకు మందులతో పోతుంది. చిన్న గాటులోంచి కడుపు కొసను బయటికి లాగి పని చేయాలి కాబట్టి ఒక్కోసారి గాటును కొంచెం పెంచాల్సి వస్తుంది. కీహోల్‌గా మొదలైనది మధ్యలో ఓపెన్‌గా మారడం కూడా ఉంటుంది. సంతకం పెట్టే కాగితంలో ఆ మాట కనిపిస్తే భయపడకండి. అలా మార్చుకునే సర్జన్ జాగ్రత్తపరుడు.

ఒక్క మాటలో చెప్పమన్నారు కాబట్టి నా అభిప్రాయం దాచను. ఒకే ఆసుపత్రిలో, ఒకే అనుభవం ఉన్న చేతుల్లో రెండు పద్ధతులూ దొరికితే నేను కొంచెం కీహోల్ వైపు మొగ్గుతాను. మీ ముందున్నది ఆ ఎంపిక కాదు. ఒకచోట బాబు ఇప్పటికే అడ్మిట్ అయి ఉన్నాడు, సెలైన్ నడుస్తోంది, సర్జన్‌కు ఆ పద్ధతిలో ఏళ్ల అనుభవం ఉంది. రెండోచోటికి వెళ్లాలంటే నీరసించిన బిడ్డతో మూడు గంటల ప్రయాణం, కొత్త అడ్మిషన్, మళ్లీ రక్త పరీక్షలు, ఆపరేషన్ టేబుల్ కోసం ఎదురుచూపు. ఐదారు గంటలు ముందు పాలు పట్టడం కోసం ఒక రోజు పోగొట్టుకునే వీలుంది. ఆకలితో ఏడ్చే బిడ్డ దగ్గర కూర్చున్న తల్లికి ఐదు గంటలు ఎంత పెద్దవో నాకు తెలుసు. అందుకే ఈ లెక్క వేసి చూపిస్తున్నాను.

ఉన్నచోటే ఉండిపోవాలనుకుంటే, సర్జన్‌ను మీరిద్దరూ కలిసి అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు, తనే స్వయంగా చేస్తారా, లోపలి పొర చిరిగిందో లేదో ముగించే ముందు ఎలా చూస్తారు అని అడగండి. చాలామంది ముక్కులోంచి కడుపులోకి వేసిన గొట్టంలోంచి గాలి పంపి బుడగలు వస్తున్నాయేమో చూస్తారు. అంతకంటే ముఖ్యంగా అడగాల్సింది మత్తు డాక్టర్ గురించి. నెలల పిల్లలకు మత్తు ఇవ్వడం వేరే నైపుణ్యం. ఈ పిల్లలకు మత్తు ఇచ్చే ముందు గొట్టంతో కడుపు పూర్తిగా ఖాళీ చేయాలి, లేకపోతే లోపల నిలిచిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పసిపిల్లలకు తరచుగా మత్తు ఇచ్చే డాక్టర్ ఉన్నారా, ఆపరేషన్ అయిన రాత్రి బిడ్డ శ్వాసను మానిటర్ మీద చూస్తూ ఉంటారా అన్నవి తెలుసుకోండి. వీటికి సూటిగా జవాబులొస్తే గాటు ఎక్కడన్నది చిన్న విషయమే. జవాబులు తడబడితే, లేదా ఆ ఆసుపత్రిలో పసిపిల్లల మత్తు డాక్టర్ లేరని తేలితే, మీవారి మాటకు బలం పెరుగుతుంది. అప్పుడు వెళ్లడం మంచిదే, అది కీహోల్ కోసం కాకపోయినా.

వెళ్లాలనుకుంటే మాత్రం కారులో ఒళ్లో పెట్టుకుని బయల్దేరకండి. ముందు ఇక్కడి సర్జన్ అక్కడి సర్జన్‌తో ఫోన్‌లో మాట్లాడాలి. బెడ్ ఉందని, ఫలానా రోజు చేస్తామని ఖాయం చేసుకోవాలి. లవణాలు సరిపోయాక, లేదా కనీసం బాగా మెరుగయ్యాక, సెలైన్, ముక్కు గొట్టం తీయకుండా, నర్సు తోడుగా ఉన్న అంబులెన్స్‌లో తీసుకెళ్లాలి. స్కానింగ్, రక్త పరీక్షల కాగితాలు మీ చేతిలో ఉండాలి. అక్కడివాళ్లను కూడా పైన చెప్పిన ప్రశ్నలే అడగండి. కీహోల్ పరికరాలు ఉన్నాయని చెప్పడం వేరు, నెలల పిల్లల్లో ఈ ఆపరేషన్‌ను కీహోల్‌లో తరచుగా చేయడం వేరు.

అత్తమామల మాట గురించి. మందుతో వైద్యం అన్నది వాళ్లు ఊహించుకున్నది కాదు, నిజంగానే ఉంది. అట్రోపిన్ అనే మందును మొదట రక్తనాళంలోకి, తర్వాత నోటి ద్వారా కొన్ని వారాల పాటు ఇస్తారు. జపాన్‌లో దీన్ని వాడిన అనుభవం ఎక్కువ. కానీ ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులు పెరుగుతాయి, గుండె వేగం మీద కన్నేసి ఉంచాలి, అన్నీ చేశాక కూడా కొందరికి చివరికి ఆపరేషనే గతి. గుండె జబ్బు లాంటి కారణాలతో మత్తు ఇవ్వలేని పిల్లలకు ఇది ఆధారం. ఇప్పటికే బరువు తగ్గిన మీ బాబుకు ఆ వారాలు బరువు పెరగాల్సిన వారాలు. ఆపరేషన్‌తో ఒకే ఒక్క రోజులో దారి తెరుచుకుంటుంది, ఈ జబ్బు మళ్లీ రావడం చాలా అరుదు. పెద్దవాళ్లకు ఈ మాట మీరు చెబితే వాదనలా వినిపిస్తుంది. సర్జన్ రౌండ్స్‌కు వచ్చినప్పుడు వాళ్లను గదిలో ఉండమనండి, ఆయననే చెప్పమనండి. ఏ వైద్యమూ చేయకుండా వేచి చూడటం మాత్రం ఎంపికే కాదు. నీరు, బరువు పోతూనే ఉంటాయి.

మత్తు, మెదడు గురించి మీ భయం చాలామంది తల్లిదండ్రులకు ఉంటుంది. 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మూడేళ్ల లోపు పిల్లల విషయంలో ఒక హెచ్చరిక ఇచ్చింది. అది మూడు గంటలు మించిన మత్తు గురించి, పదేపదే ఇచ్చే మత్తు గురించి. పసిపిల్లల హెర్నియా ఆపరేషన్ల మీద అనేక దేశాల్లో కలిసి చేసిన గ్యాస్ అనే అధ్యయనం ఉంది. సుమారు గంటలోపు ఒక్కసారి మత్తు తీసుకున్నవాళ్లను, పూర్తి మత్తు లేకుండా నడుము దగ్గర ఇంజెక్షన్‌తో ఆపరేషన్ అయినవాళ్లను ఐదేళ్లు వచ్చాక పరీక్షించి 2019లో ఫలితాలు ప్రచురించారు. తెలివితేటల్లో తేడా కనిపించలేదు. మీ బాబుకు ఏ పద్ధతిలో చేసినా ఆపరేషన్ సాధారణంగా గంట లోపే అయిపోతుంది. మత్తు విషయంలో పద్ధతి మారినంత మాత్రాన పెద్ద తేడా రాదు.

ఇక నింద సంగతి. "ఏదైనా అయితే నన్నే అంటారు" అని రాశారు. ఉత్తరం మొత్తంలో నన్ను బాధపెట్టిన వాక్యం అదే. కాన్పు అయి ఐదు వారాలు, నిద్ర లేదు, బిడ్డ ఒంటికి గొట్టాలు. ఈ స్థితిలో నిర్ణయం మీ ఒక్కరి తల మీద పడకూడదు. మీవారిని సర్జన్ ముందు కూర్చోబెట్టి, ఆయన ప్రశ్నలు ఆయన్నే అడగనివ్వండి. బయటినుంచి వినడానికి ఆయనది పంతంలా ఉన్నా, బిడ్డకు తక్కువ నొప్పి కావాలన్న ఆరాటమే ఆయన్ను అంత దూరం వెతికించింది. ఆ మాట మీ నోటితో ఆయనకు చెప్పండి. తర్వాత ఏది ఖాయమైనా కాగితం మీద ఇద్దరి సంతకాలూ పడేలా చూసుకోండి.

ఆపరేషన్ అయ్యాక ఏం జరుగుతుందో ముందే తెలిస్తే సగం భయం తగ్గుతుంది. కొన్ని గంటల్లోనే పాలు మొదలుపెడతారు. ఒకటి రెండు రోజులు కొన్ని వాంతులు అవుతాయి. ఓపెన్‌లోనూ అవుతాయి, కీహోల్‌లోనూ అవుతాయి. "ఆ పద్ధతిలో చేయించి ఉంటే" అని ఎవరైనా అనే సమయం సరిగ్గా అదే, కాబట్టి ఇంట్లో అందరికీ ఈ మాట ముందే చెప్పి పెట్టండి. సాగిపోయిన కడుపు కుదురుకోవడానికి కొంచెం టైమ్ పడుతుంది, అంతే. మళ్లీ స్కానింగ్ చేయమని పట్టుబట్టకండి, కండరం మందం తగ్గడానికి వారాలు పడుతుంది కాబట్టి స్కాన్‌లో ఇంకా మందంగానే కనిపించి మిమ్మల్ని అనవసరంగా బెదరగొడుతుంది. వారం దగ్గరపడుతున్నా బలమైన వాంతులు ఆగకపోతే కండరం పూర్తిగా తెగిందా అన్నది డాక్టర్లు చూడాలి. జ్వరం, పొట్ట ఉబ్బి గట్టిపడటం, పచ్చని పసరు వాంతి, పాలు వద్దని మగతగా పడి ఉండటం, శ్వాస ఆగి ఆగి ఆడటం, గాటు చుట్టూ ఎరుపు పాకడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఇంకొకటి, ఈ రోజు నుంచే చేయాల్సింది. బాబుకు ఇప్పుడు నోటి ద్వారా పాలు ఆపేసి ఉంటారు. మీరు మాత్రం రెండు మూడు గంటలకోసారి పాలు పిండుతూ ఉండండి, లేకపోతే తగ్గిపోతాయి. ఆసుపత్రిలో పంపు ఉందేమో, పిండిన పాలు దాచే ఫ్రిజ్ ఉందేమో నర్సును అడగండి. ఆపరేషన్ తర్వాత తొలి పాలుగా అవే పట్టవచ్చా అని సర్జన్‌ను అడగండి, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. డబ్బా పాలు మానేసి తిరిగి మీ దగ్గరే తాగించాలని ఉంటే, దానికి ఈ జబ్బు గానీ ఈ ఆపరేషన్ గానీ ఏమాత్రం అడ్డు కాదు.